కొత్త కంప్యూటర్ వ్యవస్థల డాక్యుమెంటేషన్, మూల్యాంకనం: పలాస, టెక్కలి, ఉద్దానం

నిర్వచనం

ఒక కంప్యూటర్ వ్యవస్థను ఏ అవసరం కోసం తెచ్చారో, ఎలా నిర్మించారో, ఎవరు ఎలా వాడాలో, ఆగిపోతే ఏం చేయాలో రాతలో నమోదు చేయడాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. ఆ వ్యవస్థ తలపెట్టిన పని చేస్తోందా, ఎంత వేగంగా, ఎంత ఖర్చుతో చేస్తోంది, దానివల్ల ఎవరికి సౌకర్యం పెరిగింది, ఎవరికి ఇబ్బంది వచ్చింది అన్నవి కొలిచి తేల్చడం మూల్యాంకనం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలు. ప్రభుత్వ సేవల్లో మాత్రం రెండోదాని బలం మొదటిదాని మీద ఆధారపడుతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) చేతికి రావడానికి పాత పద్ధతిలో ఎన్ని రోజులు పట్టేదో కంప్యూటర్ రాకముందే రాసి పెట్టుకోకపోతే, వచ్చాక ఎన్ని రోజులు తగ్గాయో చెప్పడానికి ఆధారం ఉండదు. ఆంధ్రప్రదేశ్ ఈ-పాలన మీద నడిచిన వాదాల్లో కొన్ని ఈ లోపం దగ్గరే మొదలయ్యాయి (చూ. ప్రభావ మూల్యాంకనం).

పరిధి

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలోని పలాస, టెక్కలి పట్టణాలు, ఇచ్ఛాపురం నుంచి కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే ఉద్దానం తీరం ఈ వ్యాసానికి క్షేత్రం. టెక్కలి పాత రెవెన్యూ డివిజన్ కేంద్రం. పలాస 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పాటు డివిజన్ అయింది. ఇక్కడి కార్యాలయాల్లో నడిచే ప్రధాన వ్యవస్థలు ముందు హైదరాబాదులో, తర్వాత అమరావతిలో, ఢిల్లీలో రూపొందినవి. జీడి, కొబ్బరి తోటలు, చేపల వేట, అంతుచిక్కని కిడ్నీ వ్యాధి, తుఫాన్లు, తెలుగుతో పాటు ఒడియా, సవర మాట్లాడే జనం అన్నీ ఒకేచోట ఉండడం వల్ల రూపకర్తలు ఊహించని షరతులు ఇక్కడ ఎదురవుతాయి. అందుకే చిన్న ప్రాంతమైనా మూల్యాంకనానికి ఇది మంచి క్షేత్రం.

చరిత్ర

కేంద్ర ప్రభుత్వం 1976లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ను (ఎన్ఐసీ) స్థాపించింది. క్రమంగా జిల్లా కేంద్రాలకు దాని శాఖలు వచ్చాయి. అప్పట్లో పని ఎక్కువగా కార్యాలయం లోపలిదే: జీతాల బిల్లులు, గణాంకాల పట్టికలు. పౌరుడు నేరుగా చూసిన తొలి పెద్ద వ్యవస్థ రిజిస్ట్రేషన్ శాఖలో వచ్చింది. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన కార్డ్ ప్రాజెక్టు తొలి దశలో 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులను కంప్యూటరీకరించింది. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ దాన్ని నడిపించారు. 1999లో హైదరాబాదులో ట్విన్స్ పేరుతో ప్రయోగాత్మకంగా మొదలైన బిల్లుల చెల్లింపు కేంద్రం 2001లో ఈసేవగా విస్తరించింది.

2011 నవంబర్‌లో మీసేవ వచ్చింది. డిజిటల్ సంతకంతో కూడిన ధ్రువపత్రం చట్టబద్ధంగా చెల్లడం ఇందులో ముఖ్యమైన మార్పు. సేవలను రెండు తరగతులు చేశారు. కౌంటర్ దగ్గర పదిహేను నిమిషాల్లో ఇచ్చేవి ‘ఎ’ తరగతి, అధికారి విచారణ తర్వాత నిర్ణీత గడువులో ఇచ్చేవి ‘బి’ తరగతి. మూల్యాంకన దృష్టితో చూస్తే ఇది మామూలు పాలనా ఏర్పాటు కంటే ఎక్కువ. కొలవడానికి వీలైన గడువును ప్రభుత్వం తానే రాసి ఇచ్చింది కాబట్టి, ఆ గడువు తప్పిందో లేదో ఎవరైనా లెక్క చూడవచ్చు.

భూమి వివరాలకు 2015లో మీభూమి పోర్టల్ వచ్చింది. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక గ్రామ సచివాలయానికొక డిజిటల్ అసిస్టెంట్ వచ్చారు. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో అందించడం ప్రారంభమైంది. ప్రతి దశలో పాత వ్యవస్థ పూర్తిగా పోకుండా కొత్తదాని కింద ఒక పొరలా మిగిలింది. ఒక రైతు పేరు నేడు భూరికార్డుల వెబ్‌ల్యాండ్‌లో, పంట నమోదు చేసే ఈ-పంటలో, ఆధార్‌లో, రేషన్ కార్డులో, పాస్‌బుక్‌లో వేర్వేరు అక్షరాలతో కనిపించడానికి ఈ పొరలే ఒక కారణం.

డాక్యుమెంటేషన్ రకాలు

మొదటిది అవసరాల పత్రం. వాడుకదారు ఏం కోరుతున్నాడో, వ్యవస్థ ఏం చేయాలో, ఏం చేయనవసరం లేదో అందులో ఉంటుంది. దీనికి దీర్ఘకాలం నమూనాగా నిలిచిన ఐఈఈఈ 830 ప్రమాణం 1998లో సవరణ పొందింది. 2011లో ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 దాని స్థానంలోకి వచ్చింది. తర్వాతివి రూపకల్పన పత్రం, డేటాబేస్ నిఘంటువు, పరీక్షా ప్రణాళిక, వాడుకదారుల మాన్యువల్, నిర్వహణ మాన్యువల్.

వీటిలో అందరూ చిన్నచూపు చూసేది డేటాబేస్ నిఘంటువు. ఏ గడిలో ఏం నింపాలి, ఏ కొలమానంలో నింపాలి, ఖాళీగా వదిలితే దాని అర్థమేమిటి అన్నవి చెప్పేది అదే. ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. పన్ను ఇన్వాయిస్ కిలోల్లో ఉంటుంది. పప్పు గ్రేడు పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయన్న దాన్నిబట్టి నిర్ణయమవుతుంది, డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గింజలు. ఒకే ఫ్యాక్టరీ పుస్తకంలో ఇలా మూడు కొలమానాలు నడుస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో పరిమాణం అన్న గడి ఒక్కటే ఉండి, అది దేనికి సంబంధించినదో ఎక్కడా రాయకపోతే, నిల్వ లెక్క మొదటి సంవత్సరాంతానికే తేడా వస్తుంది.

ఈ పత్రాల రచనను విద్యార్థులు కళాశాలలోనే నేర్చుకుంటారు. టెక్కలిలో 2001లో ఏర్పడిన ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ (ఐతం) ఈ ప్రాంతంలో ప్రధాన ఇంజనీరింగ్ విద్యాసంస్థ. దేశమంతటా బీటెక్, ఎంసీఏ చివరి ఏడాది ప్రాజెక్టు రికార్డులకు దాదాపు ఒకే అచ్చు ఉంది: సాధ్యాసాధ్యాల పరిశీలన, డేటా ప్రవాహ చిత్రాలు, యూఎంఎల్ పటాలు, తెరల చిత్రాలు, పరీక్షల పట్టిక. ఆ పట్టికలో అన్ని వరుసల చివరా ‘పాస్’ అని ఉండడం ఈ అచ్చుకున్న బలహీనత. విఫలమైన పరీక్షను నమోదు చేయడం అలవాటు కాకపోతే, ఉద్యోగంలో చేరాక కూడా అది రాదు.

భూమి రికార్డులు: పాత దాఖలాల నుంచి కొత్త డేటాకు

కొత్త వ్యవస్థలో అన్నిటికంటే కష్టమైన భాగం ప్రోగ్రాము రాయడం అనుకుంటారు గానీ, భూమి విషయంలో పాత కాగితాన్ని డేటాగా మార్చడమే కష్టం. టెక్కలి, మందస ప్రాంతాలు ఒకప్పటి జమీందారీ ఎస్టేట్లు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఇక్కడ రైత్వారీ సెటిల్‌మెంట్ రికార్డులు తయారయ్యాయి. బ్రిటిష్ కాలం నుంచే రైత్వారీలో ఉన్న జిల్లాలతో పోలిస్తే మూల రికార్డుల చరిత్ర పొట్టిది. ఇనాములు, కొండవాలు బంజర్లలో వేసిన జీడితోటలు, డీ-పట్టాలు (ప్రభుత్వం కేటాయించిన భూములు) కలిసి హక్కుల చిక్కులు కూడా ఎక్కువే.

రిజిస్ట్రేషన్ల వైపు దాఖలా ఇంకాస్త క్రమబద్ధం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. వాటికి మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తుల వివరాలతో ఇంకో సూచిక ఉంటాయి. పాత రోజుల్లో ఈసీ ఇవ్వడమంటే గుమాస్తా ఈ సూచికలను ఏడాది వారీగా తిరగేయడమే. కంప్యూటరీకరణలో 1983 జనవరి 1 నుంచి ఉన్న సూచికలను డేటాగా ఎక్కించారు. అంతకుముందు లావాదేవీల వివరం కావాలంటే నేటికీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పుస్తకాల్లో వెతికించుకోవాలి. ఆన్‌లైన్ ఈసీలో ఏ లావాదేవీ కనిపించకపోతే, ఆ భూమి మీద ఎన్నడూ ఏమీ జరగలేదని దానర్థం కాదు. వ్యవస్థ పరిధి ఎక్కడ ఆగుతుందో తెలిపే ఇలాంటి వాక్యం వాడుకదారుల మాన్యువల్‌లో మొదటి పేజీలో ఉండదగినది.

రెవెన్యూ వైపు అడంగల్ (సాగు నమోదు), 1బి (హక్కుల నమోదు), ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) ప్రధాన దాఖలాలు. సర్వే నంబరు ఉపవిభాగాన్ని ఒక గుమాస్తా 112/3ఏ అని, ఇంకొకరు 112-3ఏ అని రాస్తే మనిషి కంటికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు భూములు. డేటా మార్పిడి మూల్యాంకనంలో అందుకే మూడు లెక్కలు చూస్తారు. మూల పుస్తకంలోని నమోదుల సంఖ్య, డేటాబేస్ సంఖ్యతో సరిపోవాలి. గ్రామ మొత్తం విస్తీర్ణం రెండుచోట్లా ఒకటిగా ఉండాలి. యాదృచ్ఛికంగా తీసిన కొన్ని నమోదులను అక్షరం అక్షరం పోల్చాలి. మూడోదాన్ని చేయించే ఓపిక, ఖర్చు తక్కువ చోట్ల కనిపిస్తాయి.

2020 డిసెంబర్ 21న రాష్ట్రంలో సమగ్ర భూసర్వే ప్రారంభమైంది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు, ఆ సంకేతాల లోపాన్ని సరిదిద్దే కేంద్రాలు వాడారు. పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. కొలతలో యంత్రం సెంటీమీటర్ల కచ్చితత్వం ఇవ్వగలదు. వివాదాలు వేరేచోట పుట్టాయి: అన్నదమ్ముల మధ్య కాగితం మీద జరగని పంపకాలు, ఒకే ఎల్పీఎం కింద పలువురి పేర్లు చేరిన జాయింట్ ఎల్పీఎంలు, పాత విస్తీర్ణానికి కొత్త విస్తీర్ణానికి తేడాలు. కొలత సరిగ్గా ఉందా అన్న ప్రశ్న, హక్కు సరిగ్గా నమోదైందా అన్న ప్రశ్న వేర్వేరు. మొదటిదానికి పరికరం పరీక్ష చాలు. రెండోదానికి గ్రామసభ, నోటీసు, అప్పీలు అనే మానవ ప్రక్రియను కూడా వ్యవస్థలో భాగంగానే రాసి, దాన్ని కూడా పరీక్షించాలి. సర్వే రికార్డును తిరుగులేని హక్కుగా మార్చడానికి ఉద్దేశించిన భూ యాజమాన్య హక్కు చట్టం 2024లో రద్దయింది.

మూల్యాంకన పద్ధతులు

సాఫ్ట్‌వేర్ నాణ్యతకు అంతర్జాతీయంగా వాడే కొలబద్ద ఐఎస్ఓ/ఐఈసీ 25010. 1991లో వచ్చిన 9126 ప్రమాణం స్థానంలో వెలువడిన 2011 నాటి కూర్పు ఎనిమిది లక్షణాలను పేర్కొంది: పనికి తగినతనం, పనితీరు, ఇతర వ్యవస్థలతో పొత్తు, వాడుక సౌలభ్యం, నమ్మకం, భద్రత, నిర్వహణ సులువు, ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు మార్చగల వీలు. పరీక్షలు చిన్న భాగాల నుంచి మొదలై, భాగాల కలయిక మీదుగా, వాడుకదారు అంగీకార పరీక్ష దాకా వెళ్తాయి. భారతదేశంలో ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ నాణ్యతను ఎస్‌టీక్యూసీ సంస్థ పరీక్షిస్తుంది. భద్రతా తనిఖీలు 2004లో మొదలైన సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటర్లు చేస్తారు.

రెండు వ్యవస్థలు కలిసే చోట లోపం ఎక్కువగా దాక్కుంటుంది. 2021 ఆగస్టులో రాష్ట్రంలోని కొన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో నకిలీ చలానాల కుంభకోణం బయటపడింది. రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. ఖజానా చెల్లింపులను చూసే సీఎఫ్ఎంఎస్ తన పని తాను చేసింది. చలానా మీది మొత్తం నిజంగా ఖజానాకు చేరిందా అని ఒకటి ఇంకోదాన్ని అడిగే ఏర్పాటు లేదు. కాగితం మీద అంకె మార్చిన చలానా చెల్లిపోయింది. తర్వాత రెంటినీ అనుసంధానించారు. విడివిడి పరీక్షలు నెగ్గిన వ్యవస్థలు కలయిక పరీక్షలో ఓడిపోవడానికి రాష్ట్రంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

వేలిముద్రలు: పలాసకు తగిన పరీక్ష

రాష్ట్రంలో 2015 నుంచి రేషన్ డిపోల్లో ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. వేలిముద్ర వ్యవస్థను కొలిచేటప్పుడు రెండు తప్పులను విడిగా చూస్తారు. వేరొకరిని అసలు మనిషిగా ఒప్పుకోవడం ఒకటి, అసలు మనిషినే కాదనడం రెండోది. మోసాన్ని ఆపాలని చూసే శాఖకు మొదటిది ముఖ్యం. డిపో ముందు నిలబడ్డ మనిషికి రెండోదే ముఖ్యం.

పలాస జీడి పరిశ్రమలో పిక్క కొట్టడం, పొట్టు తీయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. పిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి రసాయనాలుంటాయి. అవి చర్మాన్ని కాల్చి, పొరలు ఊడేలా చేస్తాయి. వేళ్ల మీది గీతలు చెరిగిపోతాయి. “వేలిముద్ర పడడం లేదు” అన్న మాట ఇక్కడ వృత్తితో ముడిపడింది. రాష్ట్ర సగటు తిరస్కరణ శాతం ఎంత తక్కువగా ఉన్నా, ఆ తిరస్కరణలు ఒకే వృత్తిలోని వారి మీద కుప్పపడితే సగటు వాళ్ల కష్టాన్ని చూపదు. అందువల్ల ఇక్కడి అంగీకార పరీక్షకు నమూనాను ఎంచుకునేటప్పుడు జీడి కార్మికులు, వలలు లాగే మత్స్యకారులు, ముసలివారు విడివిడి వర్గాలుగా ఉండాలి. కనుపాప గుర్తింపు, ఓటీపీ వంటి ప్రత్యామ్నాయాలు ఏ పరిస్థితిలో, ఎవరి అనుమతితో వాడాలో నిర్వహణ మాన్యువల్ చెప్పాలి. చెప్పనిచోట అది డీలరు దయకు మిగులుతుంది.

ప్రభావ మూల్యాంకనం

యంత్రం సరిగ్గా పనిచేస్తోందని తేలాక కూడా, దానివల్ల జనజీవితం మారిందా అన్న ప్రశ్న మిగులుతుంది. కార్డ్ ప్రాజెక్టు దీనికి తొలి పాఠం. రోజులు పట్టే రిజిస్ట్రేషన్ గంటలో ముగుస్తోందని, ఈసీ నిమిషాల్లో వస్తోందని, మధ్యవర్తుల అవసరం తగ్గిందని తొలి నివేదికలు చెప్పాయి. ప్రపంచ బ్యాంకు దాన్ని విజయగాథగా ప్రచారం చేసింది. 2004లో జొనాథన్ కేస్లీ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన వ్యాసం క్షేత్ర పరిశోధన ఆధారంగా ఆ గాథను సవాలు చేసింది. ప్రచారంలోని మెరుగుదలకూ ఆఫీసులలోని వాస్తవానికీ పెద్ద అగాధం ఉందని, అవినీతి కొనసాగుతోందని అది వాదించింది. దస్తావేజు లేఖరుల వ్యవస్థ చెక్కుచెదరలేదన్నది రాష్ట్రంలో ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు నిలబడినా కనిపించే సంగతే. ఇరుపక్షాలూ పాక్షికంగా సరే కావచ్చు. తొలి నివేదికలు సాఫ్ట్‌వేర్ ఒక పనికి తీసుకునే సమయాన్ని చూశాయి. కేస్లీ మనిషి ఆఫీసుకు వెళ్లి వచ్చేదాకా జరిగేదాన్ని చూశాడు. కంప్యూటర్ రాకముందు నాటి పరిస్థితిని తటస్థంగా కొలిచిన సర్వే ఉంటే ఈ వాదానికి ఇంత చోటు ఉండేది కాదు. తర్వాత ఐఐఎం అహ్మదాబాద్‌కు చెందిన సుభాష్ భట్నాగర్ బృందం పలు రాష్ట్రాల ఈ-పాలన ప్రాజెక్టులకు ఒకే కొలబద్ద రూపొందించింది. పౌరుడి ప్రయాణాలు, వేచి ఉన్న సమయం, లంచం, సేవా నాణ్యత అందులో అంశాలు.

స్మార్ట్‌కార్డుల మూల్యాంకనం ఇందుకు భిన్నంగా జరిగింది. ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపుకు బయోమెట్రిక్ కార్డులు తెచ్చినప్పుడు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 8 జిల్లాల్లో మండలాల వంతును లాటరీ పద్ధతిలో నిర్ణయించడానికి ఒప్పుకుంది. శ్రీకాకుళం ఆ జాబితాలో లేదు, పొరుగున ఉన్న విజయనగరం ఉంది. కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాల్లో 2010లో ముందస్తు సర్వే, 2012లో తుది సర్వే చేశారు. రెండేళ్లలో సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. అయినా కూలి తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి హామీలో డబ్బు దారి మళ్లడం దాదాపు 41 శాతం తగ్గింది. లబ్ధిదారులు అత్యధికులు కొత్త పద్ధతినే కోరుకున్నారు. అధ్యయనం 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వెలువడింది. ఈ పథకం వద్దంటూ ప్రభుత్వం దాకా వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు దారి మళ్లింపుతో లాభపడినవారి నుంచే వచ్చాయని, మేలు పొందిన కూలీల గొంతు పైదాకా వెళ్లలేదని పరిశోధకులు గమనించారు. సర్వే లేకపోతే పథకం ఆగిపోయే అవకాశం ఉండేది.

ఫలితం అనుకూలంగా రాని మూల్యాంకనానికి కూడా రాష్ట్రంలో ఉదాహరణ ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాల్లో స్మార్ట్‌హెల్త్ అనే టాబ్లెట్ వ్యవస్థను పరీక్షించింది. ఆశా కార్యకర్త గుండెజబ్బు ముప్పును అంచనా వేసి డాక్టరు దగ్గరకు పంపేందుకు అది ఉద్దేశించినది. రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో ప్రకటించారు. గుర్తించడం సాఫ్ట్‌వేర్ పని. మందు నిరంతరం అందడం సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. పరిశోధన ప్రణాళికను ముందే ప్రచురించారు కాబట్టి ఫలితాన్ని దాచడానికి గానీ, లక్ష్యాన్ని తర్వాత మార్చుకోవడానికి గానీ తావు లేకపోయింది.

ఉద్దానం కిడ్నీ వ్యాధి: వైద్య రికార్డుల లెక్కలు

డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఉద్దానంలో పరీక్షించిన 2,210 మందిలో సుమారు 18 శాతానికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కనిపించింది. వారిలో చాలామందికి మధుమేహం వంటి తెలిసిన కారణాలు లేవు. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి, హరిపురంలో డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఇలాంటి చోట పెట్టే ఆరోగ్య సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ లోపిస్తే వ్యాధి లెక్కే మారిపోతుంది. కిడ్నీ వడపోత సామర్థ్యాన్ని నేరుగా కొలవరు. రక్తంలోని క్రియాటినిన్, వయసు, లింగం నుంచి సూత్రంతో గణిస్తారు. ఎండీఆర్‌డీ, 2009 నాటి సీకేడీ-ఈపీఐ, 2021లో సవరించిన సీకేడీ-ఈపీఐ సూత్రాలు ఒకే రక్త నమూనాకు వేర్వేరు అంకెలిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఏ తేదీ నుంచి ఏ సూత్రం వాడుతోందో నమోదు లేకపోతే, సూత్రం మారిన ఏడాది ఊళ్లో వ్యాధి తగ్గినట్టో పెరిగినట్టో కనిపిస్తుంది. క్రియాటినిన్ పరీక్ష విధానం, యంత్రం సవరణ తేదీ కూడా ఫలితంతో పాటు నిల్వ ఉండాలి. దీర్ఘకాలిక వ్యాధి అని చెప్పాలంటే లోపం మూడు నెలలకు మించి కొనసాగాలి కాబట్టి, ఒకే మనిషి రెండు సందర్శనలను కలిపి చూపగల గుర్తింపు తప్పనిసరి. సోంపేటలో పరీక్ష చేయించుకుని, శ్రీకాకుళంలోనో విశాఖ కేజీహెచ్‌లోనో చూపించుకుని, బరంపురం కూడా వెళ్లివచ్చే రోగి రికార్డు ఇన్నిచోట్ల ముక్కలుగా పడి ఉంటుంది. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య ఖాతా సంఖ్య ఈ ముక్కలను కలపడానికి ఉద్దేశించినదే. రోగి సమ్మతి లేకుండా కలపకూడదన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సూత్రం.

తుఫాను, కరెంటు, సిగ్నల్

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. స్తంభాలు పడిపోయి కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పోయాయి. 2017లో ఏర్పాటైన రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం తుఫాను గమనాన్ని వెలగపూడి నుంచి పర్యవేక్షించింది. కేంద్రంలో తెరలు వెలుగుతూ ఉండగా, సమాచారం పుట్టాల్సిన ఊళ్లు చీకట్లో ఉండడం ఇలాంటి విపత్తులో అసలు సమస్య.

సేవా ఒప్పందాల్లో 99.5 శాతం లభ్యత అని రాస్తారు. ఏడాదికి 44 గంటల కంటే తక్కువ అంతరాయం అని దానర్థం. ఆ లెక్క డేటా కేంద్రంలోని సర్వర్ దగ్గర చూస్తే, మందసలో కౌంటర్ నాలుగు రోజులు మూతపడినా ఒప్పందం ఉల్లంఘన కాదు. ఏ చోట నిలబడి కొలిచారో రాయని లభ్యత శాతానికి ఈ తీరంలో పెద్ద విలువ లేదు. విపత్తు పునరుద్ధరణ పత్రంలో రెండు గడువులుంటాయి: సేవ ఎంతసేపట్లో తిరిగి మొదలవ్వాలి, గరిష్ఠంగా ఎంతసేపటి డేటా పోయినా సహించవచ్చు. ఈ ప్రాంతానికి వాటితో పాటు ఇంటర్నెట్ లేకుండా నమోదు చేసి తర్వాత పంపే విధానం, ఒకే నష్టాన్ని ఇద్దరు నమోదు చేస్తే ఏది నిలవాలన్న నియమం అవసరం.

నష్టం లెక్కలో కొబ్బరికి చెట్టు ప్రమాణం, జీడికి విస్తీర్ణం ప్రమాణం. అంతరపంటగా రెండూ ఉన్న తోటను ఒక్క గడి ఉన్న ఫారం పట్టుకోలేదు. కౌలుదారు పేరుకు, భూమి సాగులో ఉన్నా పట్టా లేని రైతు పేరుకు చోటు ఉందా అన్నది కూడా ఫారం తయారైన రోజే తేలిపోతుంది.

భాష, లిపి

తెలుగు 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే చేరింది. అదే ఏడాది భారతీయ ప్రమాణమైన ఇస్కీ కూడా సవరణ పొందింది. కార్యాలయాలు మాత్రం చాలాకాలం అను వంటి సొంత సంకేతాల ఫాంట్లతో నడిచాయి. ఆ దస్త్రాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు తారుమారు కావడం తెలిసిన చిక్కు. ఉద్దానంలో ఒడియా పేర్లు దీనికి తోడవుతాయి. బెహరా, బెహెరా, బెహ్రా ఒకే ఇంటిపేరు. ఉచ్చారణ ఆధారంగా వెతికే సూత్రం తెలుగు, ఒడియా ధ్వనులు రెండింటికీ సరిపోయేలా రాయకపోతే పేరు దొరకదు.

కొండ ప్రాంతాల సవరలకు సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్ ఉంది. 1936లో మాంగెయి గొమాంగో రూపొందించిన ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దాదాపు ఆ లిపి పుట్టిన కాలంలోనే, ఈ జిల్లాకు చెందిన గిడుగు రామమూర్తి 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువును వెలువరించారు. ఒక భాషను బయటివాళ్లు వాడగలిగేలా ఎలా నమోదు చేయాలో చూపిన జిల్లాలో, ప్రభుత్వ యాప్‌లో సవరకు ఒక్క తెర కూడా ఉందో లేదో అంగీకార పరీక్ష జాబితాలో అడగడం సహజం.

వాడుక సౌలభ్యాన్ని కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది ప్రశ్నల కొలబద్ద నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. 0 నుంచి 100 వరకు మార్కు వస్తుంది. ఆ ప్రశ్నలు చదివి జవాబు రాయగలవారికి మాత్రమే అది నేరుగా పనికొస్తుంది. చదువురాని వాడుకదారుల విషయంలో పనిని వారిచేత చేయించి, ఎక్కడ ఆగారో, ఎవరి సాయం అడిగారో పక్కన ఉండి రాసుకోవడం మేలైన పద్ధతి. సచివాలయానికి వచ్చిన మనిషి ఫోను తీసి పక్కవారి చేతికిచ్చి, “కొంచెం చూసిపెట్టండి బాబూ” అంటే, ఆ క్షణం కూడా కొలతలోకి రావాలి. మన మిత్ర వంటి సేవల్లో తానుగా వాడినవారు, మరొకరిచేత వాడించుకున్నవారు లెక్కల్లో ఒకే అంకెగా కనిపిస్తారు.

ఆడిట్, సమాచార హక్కు

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్లపై ప్రత్యేకంగా ఐటీ ఆడిట్లు చేస్తుంది. డేటా సంపూర్ణత, అనుమతుల నియంత్రణ, మార్పుల నమోదు అందులో ప్రధానాంశాలు. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం రికార్డులను సూచికలతో, వీలైనంత మేరకు కంప్యూటరీకరించి ఉంచడం, తమ విధానాలను, మాన్యువళ్లను స్వయంగా ప్రకటించడం ప్రభుత్వ కార్యాలయాల బాధ్యత. సాఫ్ట్‌వేర్ వాడుక మాన్యువల్, సేవా గడువులు, ఫిర్యాదు విధానం దీని కిందికే వస్తాయని వాదించవచ్చు. టెక్కలిలోనో పలాసలోనో ఒక పౌరుడు తన దరఖాస్తు ఏ దశలో, ఎవరి లాగిన్‌లో, ఎన్ని రోజులుగా ఆగిందో అడిగితే, వ్యవస్థలోని చర్యల చిట్టానే జవాబు. ఆ చిట్టాను ఎన్నేళ్లు ఉంచాలో అవసరాల పత్రంలో రాసి ఉంటేనే, అడిగిన రోజున అది దొరుకుతుంది.